ఊళ్లో ఆపండి, ఒక ముక్క రాయండి

ఈ పూట పాత వీడియో గేముల గురించి మాట్లాడుకుందాం. అన్నిటి గురించీ కాదు. రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు చూడండి, వాటి గురించి. ఆడేవాళ్లు పొట్టిగా ఆర్పీజీలు అంటారు. అందులోనూ ముప్పై, నలభై ఏళ్ల నాటివి. ఉద్యోగం, సంసారం, పిల్లల చదువులు వీటన్నిటి మధ్యా ఖాళీ చూసుకుని ఆ పాత గేములు ఆడుకునే పెద్దవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. ఈ ప్రసంగం ముఖ్యంగా వాళ్ల కోసం. ఇంట్లో ఎవరికైనా ఈ సరదా ఉండి, అదేంటో మీకు అర్థం కాకపోతే మీ కోసం కూడా.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఈ సరదా ఏళ్ల తరబడి వాడిపోకుండా ఉండాలంటే దానికి గడువు పెట్టకండి. గడువు లేకుండా ఆడాలంటే ఒక చిన్న అలవాటు కావాలి. గేమ్ ఎప్పుడు ఆపినా ఊళ్లో ఆపండి. ఆపాక ఒక ముక్క రాసుకోండి. ఊళ్లో ఆపడం, ఒక ముక్క రాసుకోవడం. అంతే. ఇది ఎందుకు పనిచేస్తుందో, ఎలా చెయ్యాలో చెప్తాను.

ముందు ఈ గేములు తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఆర్పీజీలో మీరు ఒక పాత్ర. మొదట్లో చేతిలో కాస్త డబ్బు ఉంటుంది, ఒంటి మీద మామూలు బట్టలుంటాయి. ఊళ్లో తిరుగుతారు. కనిపించిన వాళ్లందరితో మాట్లాడతారు. కత్తో, డాలో కొనుక్కుంటారు. ఊరు దాటితే చిన్నాచితకా భూతాలు ఎదురవుతాయి. వాటితో పోరాడితే డబ్బు వస్తుంది, అనుభవం వస్తుంది. అనుభవం పెరిగితే బలం పెరుగుతుంది. దాన్నే లెవెల్ పెరగడం అంటారు. బలం పెరిగేకొద్దీ ఇంకాస్త దూరం వెళ్లగలుగుతారు. పాతవాటిలో చాలావరకు వేళ్ల వేగంతో పనిలేదు. మీ వంతు వచ్చినప్పుడు కొట్టాలా, మంత్రం వెయ్యాలా, పారిపోవాలా అని తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. మీరు లేచి వెళ్లి కాఫీ కలుపుకుని వచ్చినా భూతం అక్కడే నిలబడి ఉంటుంది.

ఈ ఆటలు పుట్టింది కంప్యూటర్‌లో కాదు, బల్ల మీద. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చారు. దానికి కావాల్సింది కాగితం, పెన్సిలు, పాచికలు. ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు ఆ కథలో పాత్రలవుతారు. అందులో ఫలానావాళ్లు గెలిచారు, ఇక లేవండి అనే మాట లేదు. ఈ ఆదివారం ఆపిన చోట వచ్చే ఆదివారం మొదలుపెడతారు. అప్పుడు కుదరకపోతే ఆ పై ఆదివారం. కథ సాగినన్నాళ్లు సాగుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ ఆట వేళ్లలోనే గడువు లేదు.

అది కంప్యూటర్‌లోకి వచ్చాక 1981లో విజార్డ్రీ అనే గేమ్ వచ్చింది. కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థులు ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ రాశారు. అదే ఏడాది రిచర్డ్ గారియట్ అల్టిమా తెచ్చాడు. ఈ రెండూ చూసి ముచ్చటపడిన యూజీ హోరీ అనే జపాన్ రచయిత, చిన్నపిల్లలు కూడా ఆడుకునేలా వాటిని తేలిక చేసి డ్రాగన్ క్వెస్ట్ తయారుచేశాడు. అది 1986 మే 27న వచ్చింది. బొమ్మలు అకిరా తోరియామా వేశాడు. సంగీతం కోయిచీ సుగియామాది. ఆ మరుసటి ఏడాది డిసెంబర్‌లో ఫైనల్ ఫాంటసీ వచ్చింది.

మన దగ్గర తొంభైల్లో టీవీకి తగిలించే వీడియో గేములు వచ్చాయి కదా. క్యాసెట్ పెట్టి మారియో, కాంట్రా ఆడేవాళ్లం. ఈ ఆర్పీజీలు మాత్రం మనకు పెద్దగా అందలేదు. చాలావాటిలో మాటలన్నీ జపాన్ భాషలో ఉండేవి. ఆట సేవ్ చేసుకునే ఏర్పాటు ఉన్న క్యాసెట్లు అరుదు. అందుకే మనవాళ్లలో చాలామంది వీటి దగ్గరికి పెద్దయ్యాకే వచ్చారు. జీతం వచ్చే వయసులో వచ్చారు. తీరిక లేని వయసులో వచ్చారు. గడువు గొడవ మొదలయ్యేది కూడా అక్కడే.

డ్రాగన్ క్వెస్ట్ మొదటి భాగాన్నే ఈ రోజు ఎక్కువగా ఉదాహరణగా తీసుకుంటాను. చిన్న గేమ్. వీరుడు ఒక్కడే. ఎదురయ్యే శత్రువు కూడా ఒక్కసారికి ఒక్కటే. లెవెల్స్ ముప్పై దాటవు. ఇప్పుడు ఫోన్‌లో కూడా దొరుకుతుంది. కథ ఒక రాజుగారి కోటలో మొదలవుతుంది. కోట దాటి బయట అడుగుపెట్టగానే నీళ్లకు అవతల ఇంకో కోట కనిపిస్తుంది. అదే చివరి శత్రువు ఉండే కోట. అంటే మనం ఆఖరికి ఎక్కడికి వెళ్లాలో హోరీ మొదటి నిమిషంలోనే చూపించేశాడు. కంటికి కనిపిస్తుంది, కాలికి అందదు. అక్కడికి చేరాలంటే లోకమంతా చుట్టి రావాలి.

ఆ కోట ఎక్కడికీ పోదు. ఒక రాకుమారిని గుహలో బంధించి డ్రాగన్ కాపలా కాస్తుంటుంది. మీరు రేపు వెళ్లినా ఆమె అక్కడే ఉంటుంది. ఆర్నెల్లు ఆగి వెళ్లినా అక్కడే ఉంటుంది. పోరాటంలో మీరు చచ్చిపోతే మళ్లీ రాజుగారి ముందు లేస్తారు. చేతిలో ఉన్న డబ్బులో సగం పోతుంది. సంపాదించుకున్న అనుభవం మాత్రం ఏమాత్రం తగ్గదు. ఆలస్యం చేసినందుకు ఇందులో శిక్ష లేదు. ఇంత ఓపికగా మనిషిని కూర్చోబెట్టే ఆటలు తక్కువ. నాకు ఈ గేమ్ అంటే గౌరవం అందుకే.

మరి గడువు ఎక్కడి నుంచి వస్తోంది? మన దగ్గర నుంచే వస్తోంది. ఆఫీసులో టార్గెట్లు ఉంటాయి, నెలాఖరు లెక్కలుంటాయి. ఆ అలవాటునే ఇంటికి తెచ్చుకుంటున్నాం. ఈ నెలాఖరుకి ఈ గేమ్ అవగొట్టెయ్యాలి అనుకుంటాం. ఈ ఏడాదికి ఇన్ని గేములు అని లెక్క పెట్టుకుంటాం. డిస్కౌంట్‌లో కొని పడేసినవి కొన్ని ఉంటాయి. వాటి జాబితా చూసినప్పుడల్లా ఏదో బాకీ పడ్డట్టు ఉంటుంది. ఇప్పటి ఫోన్ గేములు కూడా మనకు అదే నేర్పుతున్నాయి. రోజూ తెరిస్తేనే బహుమతి. ఈ వారంలో ఆడకపోతే ఆ బహుమతి పోతుంది. వాటి వ్యాపారం అలా నడుస్తుంది. ఆ తొందరను తీసుకొచ్చి 1986 నాటి గేమ్ మీద రుద్దితే ఏమవుతుంది?

రెండు రకాలుగా జరుగుతుంది. ఒక రకం వాళ్లు గడువులోపల పూర్తిచేస్తారు. కానీ ఎలా? ఊళ్లో మనుషులతో మాట్లాడరు. కొత్త గుహ కనిపిస్తే గైడ్ తెరుస్తారు. ఎటు వెళ్లాలో ముందే చూసుకుని నడుస్తారు. గేమ్ అయిపోతుంది. పేరు తప్ప ఏమీ గుర్తుండదు. రెండో రకం వాళ్లకు గడువు దాటిపోతుంది. పిల్లాడికి జ్వరం వస్తుంది, ఆఫీసులో ఆడిట్ వస్తుంది, ఊరి నుంచి చుట్టాలొస్తారు. నెలాఖరు వెళ్లిపోతుంది. ఇక ఆ గేమ్ పేరు చూస్తేనే మనసు చివుక్కుమంటుంది. మళ్లీ తెరవరు. నేను చూసినంతలో గేములు సగంలో ఆగిపోయేది ఎక్కువగా ఇలాగే.

అయితే గడువు పెట్టుకునేవాళ్లను నేను తప్పుపట్టను. వాళ్ల భయానికి కారణం ఉంది. అది మరచిపోతామనే భయం. రెండు వారాలు ఎడం వచ్చిందనుకోండి. మళ్లీ గేమ్ తెరుస్తారు. మీ వీరుడు ఏదో గుహ మధ్యలో నిలబడి ఉంటాడు. చుట్టూ చీకటి. చేతిలో కాగడా వెలుగు రెండడుగుల మేర పడుతోంది. లోపలికి వెళ్తున్నానా, బయటికి వస్తున్నానా? ఈ గుహలోకి అసలు ఎందుకొచ్చాను? తాళంచెవి గురించి ఎవరో ఏదో చెప్పారు, ఏ ఊళ్లో చెప్పారు? నాలుగు పక్కలా తిరిగి చూసి, ఆపేసి, ఇంకేదో పెట్టుకుంటారు. అలా కాకూడదనే జనం రోజూ ఆడాలనీ, త్వరగా ముగించాలనీ నియమం పెట్టుకుంటారు. నిజానికి ఇబ్బంది పెట్టింది ఎడం కాదండీ, మరపు. మరపుకి విరుగుడు ఉంటే ఎడం ఎంతైనా ఫరవాలేదు.

మన వారపత్రికల్లో సీరియళ్లు గుర్తు తెచ్చుకోండి. వారానికి నాలుగైదు పేజీలు వచ్చేవి. కథ మంచి పట్టులో ఉండగా "ఇంకా ఉంది" అని ఆపేసేవారు. మళ్లీ ఏడు రోజులు ఆగాలి. ఆ ఏడు రోజుల్లో ఇంట్లో ఎన్ని పనులుండేవి! పెళ్లిచూపులు, పరీక్షలు, ఊళ్లు తిరగడాలు. అయినా కథ చెక్కుచెదిరేది కాదు. ఎందుకంటే రచయిత ఆపాల్సిన చోటు చూసుకుని ఆపేవారు. తర్వాతి వారం మొదట్లో "జరిగిన కథ" అని నాలుగు వాక్యాలు వేసేవారు. ఒక వారం పత్రిక అందకపోయినా ఆ నాలుగు వాక్యాలు చదువుకుని మళ్లీ కథలో పడిపోయేవాళ్లం. పైగా ఆ ఏడు రోజులూ కథ మన నోళ్లలో నానేది. "ఆ పిల్ల ఆ ఇంటికి తిరిగి వెళ్తుందంటావా వదినా?" "ఎందుకు వెళ్తుందే, అంత మాటన్నాక?" ఈ మాటలు పత్రికలో లేవు. ఆ ఎడంలో పుట్టినవి. ఎడం వల్ల కథ రుచి పెరిగిందే గానీ తగ్గలేదు.

మీ గేమ్‌కి కూడా ఆ రెండూ కావాలి. ఆపాల్సిన చోట ఆపడం ఒకటి. జరిగిన కథ ఒకటి. రెండూ మీరే చేసుకోవాలి. అందుకే అంటున్నాను. ఊళ్లో ఆపండి. ఒక ముక్క రాయండి.

మొదట ఊళ్లో ఆపడం సంగతి చూద్దాం. డ్రాగన్ క్వెస్ట్ మొదటి భాగం దీన్ని నియమంగానే పెట్టింది. అసలు గేమ్‌లో ఎక్కడంటే అక్కడ ఆపి దాచుకోవడానికి లేదు. రాజుగారి దగ్గరికి తిరిగి వెళ్లాలి. ఆయన ముందు నిలబడితే, తర్వాతి లెవెల్‌కి మీకు ఇంకా ఎంత అనుభవం కావాలో చెప్తాడు. మీ ప్రయాణాన్ని నమోదు చేస్తాడు. అంటే ఆ రోజు ఆట ముగిసే ముందు మీరు ఇంటికి చేరాల్సిందే. దూరంగా ఉంటే తిరిగి తీసుకొచ్చే మంత్రం ఒకటి ఉంటుంది. ఫైనల్ ఫాంటసీలో సత్రంలో పడుకున్నప్పుడో, ఆరుబయట గుడారం వేసుకున్నప్పుడో సేవ్ అవుతుంది. అక్కడా అంతే. విశ్రాంతి దొరికే చోటే ఆపే చోటు.

ఈ రోజుల్లో ఫోన్‌లో వచ్చే కొత్త కూర్పుల్లో ఎక్కడైనా ఆపుకోవచ్చు. కుక్కర్ విజిల్ వేసినప్పుడు, డోర్‌బెల్ మోగినప్పుడు అది పనికొస్తుంది. వాడుకోండి. కానీ అలవాటుగా మాత్రం ఊరికి తిరిగొచ్చే ఆపండి. దీనివల్ల ఏమవుతుందో తెలుసా? మళ్లీ తెరిచినప్పుడు మొదటి ఐదు నిమిషాల్లో మీకు ఏ ప్రమాదమూ ఉండదు. చుట్టూ మనుషులుంటారు, కొట్టు ఉంటుంది, సత్రం ఉంటుంది. నలుగురితో మాట్లాడి, ఉన్న వస్తువులు చూసుకుని, అప్పుడు బయల్దేరతారు. ఎన్నాళ్లకు వచ్చినా కథ మిమ్మల్ని మెల్లగా లోపలికి తీసుకుంటుంది.

ఇంకో మేలు కూడా ఉంది. ఊరికి తిరిగి రావాలంటే కాస్త ముందే లేవాలి. ఒంట్లో ఓపిక ఉండగానే వెనక్కి తిరగాలి. విజార్డ్రీ ఆడినవాళ్లకు ఇది బాగా తెలుసు. అందులో ఆరుగురు మనుషులతో నేల కింద అంతస్తుల్లోకి దిగుతారు. దిగడం తేలిక. పైకి రావడమే అసలు ఆట. దిగేటప్పుడే మంత్రాలన్నీ వాడేస్తే వచ్చేదారిలో పోతారు. పోయినవాళ్లను పైన గుడికి మోసుకొచ్చి బతికించమని డబ్బు కట్టాలి. అది ఫలించకపోతే ఆ మనిషి బూడిద అవుతాడు. రెండోసారీ ఫలించకపోతే ఇక ఆ మనిషి లేడు. ఏ లెవెల్‌లో ఉన్నా అంతే. అందుకని బాగా ఆడేవాళ్లు సగం బలం ఉండగానే వెనక్కి తిరుగుతారు. తెర ముందు కూర్చున్న మనిషికి కూడా ఇదే వర్తిస్తుంది. కళ్లు మూతలు పడేదాకా కూర్చుంటే మర్నాడు దాని మొహం చూడబుద్ధి కాదు. ఇంకో అరగంట ఆడాలని ఉండగా ఆపితే ఆ ఇంకో అరగంట మనసులో ఉంటుంది.

ఇప్పుడు రెండోది. ఒక ముక్క రాసుకోవడం. ఇది నేను కొత్తగా కనిపెట్టి చెప్తున్నది కాదు. ఆ రోజుల్లో ఈ గేముల పెట్టెలో వచ్చే పుస్తకాల్లో చాలావాటికి చివర ఖాళీ పేజీలుండేవి. మీరు రాసుకోవడానికే. చేసినవాళ్లు మీ దగ్గర పెన్సిలు ఉంటుందనే లెక్కలో గేమ్ చేశారు. జపాన్‌లో డ్రాగన్ క్వెస్ట్ మొదట వచ్చినప్పుడు క్యాసెట్‌లో సేవ్ చేసే ఏర్పాటే లేదు. రాజుగారు మీకు ఇరవై అక్షరాల మంత్రం ఒకటి చెప్పేవారు. దాన్ని కాగితం మీద రాసుకోవాలి. మళ్లీ ఆడేటప్పుడు ఆ ఇరవై అక్షరాలూ పొల్లుపోకుండా కొడితే మీ వీరుడు తిరిగొస్తాడు. ఒక్కటి తప్పు రాస్తే రాడు. రెండో భాగానికి వచ్చేసరికి ఆ మంత్రం 52 అక్షరాల దాకా పెరిగింది. పిల్లలు నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. తర్వాత క్యాసెట్‌లో చిన్న బిళ్ల బ్యాటరీ పెట్టి సేవ్ చెయ్యడం వచ్చింది. ఆ బ్యాటరీలు కొన్నేళ్లకు అయిపోతాయి. అయిపోతే దాచుకున్న ఆట పోతుంది. కాగితం మీద రాసిన అక్షరం ఉంటుంది.

ఏం రాయాలి అంటారా? దినచర్య రాయమనడం లేదు. పేజీలు నింపమనడం లేదు. ఒక్క ముక్క. ఎక్కడ ఆపారు, మళ్లీ వచ్చి ఏం చెయ్యాలి. అంతే. మళ్లీ వచ్చి ఏం చెయ్యాలి అన్నదే ముఖ్యం. ఎవరైనా చెప్పిన మాట మీకు వింతగా అనిపిస్తే అది కూడా. నా నోటుపుస్తకంలో డ్రాగన్ క్వెస్ట్ పేజీ ఒకటి చదువుతాను, వినండి.

"రాజుగారి దగ్గర ఆపాను. రిమల్డార్‌లో తాళంచెవులు కొన్నాను. ఈసారి గారిన్‌హామ్ వెళ్లి మూసి ఉన్న తలుపు తీసి చూడాలి."

అంతే ఉంది. మూడు వాక్యాలు. రిమల్డార్, గారిన్‌హామ్ ఆ గేమ్‌లోని ఊళ్లు. ఆ తర్వాత ఎన్ని వారాలు ఖాళీగా గడిచినా నేను ఎక్కడికి వెళ్లాలో ఆ మూడో వాక్యం చెప్తుంది. దాని కింద ఇంకో ముక్క ఉంది.

"కోల్ ఊళ్లో స్నానాల కొలను నుంచి దక్షిణానికి నాలుగు అడుగులు. అక్కడ ఏదో పాతిపెట్టారట."

ఈ గేమ్‌లో ఇలాంటి మాటలే దారి. ఇప్పటి గేముల్లో తెర మూల బాణం గుర్తు వచ్చి ఇటు వెళ్లు అని చూపిస్తుంది. ఇందులో అదేమీ లేదు. మనుషులు మాటలు చెప్తారు. ఆ మాటలు మీరు పట్టుకోవాలి. కాంట్లిన్ అని ఒక ఊరుంది. చుట్టూ ప్రహరీ. వాకిట్లో ఇటుకలతో కట్టిన రాక్షసుడు ఒకడు నిలబడి ఉంటాడు. లోపలికి పోనివ్వడు. కత్తితో గెలవడం చాలా కష్టం. పిల్లనగ్రోవి ఊదితే మాత్రం నిద్రపోతాడు. ఆ పిల్లనగ్రోవే కోల్ ఊళ్లో కొలనుకు దక్షిణాన నాలుగడుగుల దగ్గర పాతిపెట్టి ఉన్నది. ఎప్పుడో విన్న మాట, ఇప్పుడు ఎదురైన రాక్షసుడు. ఈ రెండూ కలిసే క్షణం ఉంది చూశారూ, దాని కోసమే నేను ఈ గేములు ఆడతాను. ఆ క్షణం గైడ్‌లో దొరకదు. గడువు పెట్టుకుని పరుగెత్తేవాళ్లకు కూడా దొరకదు. ఎందుకంటే వాళ్లు కోల్ ఊళ్లో మాట వినరు, విన్నా రాసుకోరు.

ఇంకోటి చెప్తాను. ఇది ఇంకా అందమైనది. కాంట్లిన్ లోపల ఒక ముసలాయన ఒక లెక్క చెప్తాడు. రాజుగారి కోట నుంచి దక్షిణానికి 70, తూర్పుకి 40 అని. అక్కడికి వెళ్తే మీకు కావాల్సింది దొరుకుతుంది. కానీ మీరు నిలబడ్డ చోటు కోటకు ఎంత దూరమో మీకెలా తెలుస్తుంది? రాకుమారిని విడిపించి ఇంటికి తీసుకొస్తే ఆమె మీకో కానుక ఇస్తుంది. దాన్ని తీసి చూసినప్పుడల్లా కోట మీకు ఏ దిక్కున ఎంత దూరంలో ఉందో ఆమె చెప్తుంది. ముసలాయన మాట, రాకుమారి కానుక. రెండూ పక్కపక్కన పెడితే బురదనేలలో ఒక్క గడి తేలుతుంది. ఇది 1986లో ఒక చిన్న క్యాసెట్‌లో ఇమిడిపోయిన పనితనం. ఆ 70ని, ఆ 40ని కాగితం మీద పెట్టకపోతే అంతా వృథా.

విజార్డ్రీకి మాటలు చాలవు, గీతలు కావాలి. అందులో నేల కింద పది అంతస్తులు. ఒక్కో అంతస్తు అడ్డంగా ఇరవై గళ్లు, నిలువుగా ఇరవై గళ్లు. తెర మీద మీ ఎదురుగా ఉన్న గోడలు నాలుగు గీతలుగా కనిపిస్తాయి, అంతే. మ్యాప్ మీరే వేసుకోవాలి. బడిలో లెక్కల క్లాసుకి తెచ్చుకునే గ్రాఫ్ పేపర్ సరిగ్గా సరిపోతుంది. ఒక్కో అడుగూ వేస్తూ పెన్సిలుతో గోడలు గీస్తారు. కొన్ని గళ్లలో కాలుపెడితే మీకు తెలియకుండానే మిమ్మల్ని వేరే దిక్కుకి తిప్పేస్తుంది. కొన్నిటిలో కాలుపెడితే ఇంకెక్కడో తేలుతారు. గీసింది తప్పని తెలిసి రబ్బరుతో చెరిపి మళ్లీ గీస్తారు. మీరు నిలబడ్డ గడి ఏదో చెప్పే మంత్రం ఒకటుంది. దాని పేరు డుమాపిక్. ఆ మంత్రం వేసి, గడి చూసుకుని, కాగితం సరిచేసుకుంటారు. ఒక అంతస్తు పూర్తయ్యేసరికి ఆ కాగితం మీ చేతిపని అవుతుంది. మూడు నెలల తర్వాత తీసినా గోడలు ఉన్నచోటే ఉంటాయి.

మా చుట్టాల్లో ఒకాయన ఉన్నాడు. ఆయనా, ఆయన కూతురూ కలిసి ఒకే వీరుణ్ని నడుపుతారు. ఆయన రాత్రిపూట ఆడతాడు. అమ్మాయి సెలవు రోజున పగలు ఆడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకటే నోటుపుస్తకం, టీవీ స్టాండు మీద ఉంటుంది. ఒకసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు తీసి చూశాను. అమ్మాయి రాసింది ఇలా ఉంది. "నాన్నా, కాంట్లిన్ గుమ్మంలో ఇటుకలోడు నిలబడ్డాడు. ఎంత కొట్టినా చావట్లేదు. నువ్వు చూడు." దాని కింద తండ్రి రాత. "చూశానమ్మా. కత్తితో పని కాదు. ఏదో పాతిపెట్టారని వెనక ఎక్కడో రాశావు నువ్వు. ఆ పేజీ తియ్యి." దాని కింద మళ్లీ అమ్మాయి రాత. ఒక్క మాటే. "దొరికింది!" ఆ మాట కింద రెండు గీతలు కూడా కొట్టింది. ఆ పుస్తకంలో తేదీల మధ్య పెద్ద పెద్ద ఎడాలున్నాయి. పరీక్షలప్పుడు అసలు ముట్టుకోలేదు. కథకు ఏ లోటూ రాలేదు.

మీకు కొన్ని సందేహాలు రావచ్చు. కొన్నిచోట్ల లెవెల్ పెంచుకోవడానికి అవే భూతాలతో మళ్లీ మళ్లీ పోరాడాలి కదా, అది విసుగు కదా అంటారు. నిజమే. డ్రాగన్ క్వెస్ట్‌లో అది కాస్త ఎక్కువే. ఆ పనికి మనసంతా పెట్టాల్సిన అవసరం లేదు. రేడియో పెట్టుకుని పాటలు వింటూ చేసుకోవచ్చు. ఆ రోజు ముక్క కూడా చిన్నదే. "ఇంకో లెవెల్ వచ్చాక బయల్దేరాలి." అదీ ఒక రోజు ఆటే. కథ ముందుకు సాగలేదని బాధపడకండి. కొత్త కూర్పుల్లో పోరాటాలు వేగంగా నడిపే సౌకర్యం ఉంటే దాన్నీ వాడుకోండి. పోరాటాల్లో తొందరపడ్డా నష్టం లేదు. ఊళ్లో మాత్రం తొందరపడకండి.

గైడ్ చూడొచ్చా అని అడుగుతారు. చూడొచ్చు. ఒక్క షరతు. చూసేముందు మీ ఊహ ఏంటో రాయండి. "ఈ తలుపు తెరవడానికి ఆ ఉంగరం కావాలేమో." రాశాక ఒకసారి ఆ ఊహతో ప్రయత్నించండి. అదీ కాకపోతే అప్పుడు చూడండి. సగం సార్లు రాస్తుండగానే దారి తడుతుంది.

మరి కొన్ని గేముల్లో గేమే గడువు పెడుతుంది కదా అని తెలిసినవాళ్లు అంటారు. అవును, ఉన్నాయి. 1997లో వచ్చిన ఫాలౌట్‌లో మీ జనానికి తాగునీళ్ల యంత్రం పాడవుతుంది. దానికి కావాల్సిన చిప్ 150 రోజుల్లో వెతికి తేవాలి. కానీ ఆ 150 రోజులు కథలోవి. మీరు కంప్యూటర్ కట్టేస్తే ఆ రోజులు కదలవు. మీరు నెల తర్వాత వచ్చినా అక్కడ ఒక్క పూట కూడా గడిచి ఉండదు. గైగాక్స్ కూడా 1979 నాటి తన పుస్తకంలో ఆట నడిపేవాళ్లకు కాలం లెక్క కచ్చితంగా రాసుకోమని గట్టిగా చెప్పాడు. అందుకని మీ నోటుపుస్తకంలో కథలో ఎన్నో రోజో రాసుకోండి. గోడమీద క్యాలెండర్ జోలికి పోకండి.

ఒకసారి పూర్తిచేసిన గేమ్ మళ్లీ ఆడితే కొత్తగా ఉంటుందా? ఫైనల్ ఫాంటసీ మొదటి భాగం చూడండి. ఆరు రకాల మనుషుల్లోంచి నలుగురిని మీరే ఎంచుకోవాలి. కత్తి పట్టేవాడు, దొంగ, మల్లయోధుడు, మూడు రకాల మంత్రగాళ్లు. ఒకే రకాన్ని ఎన్నిసార్లైనా తీసుకోవచ్చు. ఈసారి కత్తి పట్టేవాడు లేకుండా వెళ్లి చూడండి. అవే గుహలు, అవే భూతాలు. అయినా మీరు నడిచే తీరు మారిపోతుంది. కొత్త పేజీ తీసి పైన ఆ నలుగురి పేర్లూ రాసుకోండి. పేర్లు కూడా మీకు నచ్చినవి పెట్టుకోండి. మా అత్తయ్య, బాబాయి, ఇద్దరు మేనమామల పేర్లు పెట్టి నేను ఆ గేమ్ ఆడాను. వాళ్లలో ఎవరికి దెబ్బ తగిలినా ప్రాణం ఉసూరుమనేది.

ఇక ఒక గేమ్ నచ్చకపోతే? వదిలెయ్యండి. ఊళ్లో ఆపి, "ఇక చాలు" అని రాసి, ఎందుకో ఒక్క వాక్యం రాయండి. "పోరాటాలు మరీ ఎక్కువ." "కథ నాకు పట్టలేదు." ఆ వాక్యం ఉంటే ఆ గేమ్ మీకు బాకీగా కనిపించదు. ఏడాది తర్వాత ఆ వాక్యం చదివి, మళ్లీ చూద్దాం అనిపించినా మంచిదే. వీరుడు ఊళ్లోనే ఉంటాడు.

కాబట్టి మళ్లీ చెప్తున్నాను. ఊళ్లో ఆపండి. ఒక ముక్క రాయండి. మీ దగ్గర సగంలో ఆగిన గేమ్ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఈ వారంలో ఎప్పుడు వీలైతే అప్పుడు తెరవండి. గుహలో ఉంటే బయటికి నడవండి. డ్రాగన్ క్వెస్ట్ అయితే చచ్చిపోయినా ఫరవాలేదు, సగం డబ్బేగా పోయేది. దగ్గర్లో ఉన్న ఊరు చేరండి. అక్కడి మనుషులు మీకు ఏం చెప్పారో మీకు గుర్తుండదు. మళ్లీ వెళ్లి అడగండి. ఈ గేముల్లో ఊరివాళ్లు ఎన్నిసార్లు అడిగినా అదే మాట చెప్తారు, విసుక్కోరు. పక్కన ఒక పాత నోటుపుస్తకం పెట్టుకుని వాళ్ల మాట రాసుకోండి. మొదటి రోజుకి ఆ పని చాలు. బయల్దేరడం మరోసారి.